ఓడిపోవాలని కోరుకునే హక్కు

2021 అక్టోబర్ 24, ఆదివారం రాత్రి. దుబాయిలో ఇండియా, పాకిస్తాన్ టీ20 ప్రపంచకప్ మ్యాచ్ జరుగుతోంది. అదే రాత్రి మన టైం ప్రకారం తొమ్మిది గంటలకు ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైంది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ మా ఆపా కొడుకు బతుకులో ఆ రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో కలుసుకున్నాయి. ఆ నిమిషం గురించి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

వాడప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. హైదరాబాదులో దోస్తుల గదిలో ఆరుగురు పిల్లలు కూర్చున్నారు. వీడొక్కడే ముస్లిం. గోడ మీది టీవీలో క్రికెట్. చేతుల్లోని ఫోన్లలో ఫుట్‌బాల్. ఆ ఆరుగురిలో నలుగురు మాంచెస్టర్ యునైటెడ్ అంటే ప్రాణమిచ్చేవాళ్లు. మావాడూ అంతే. ఎర్ర జెర్సీ ఉతకనివ్వడు, ఉతికితే ఆరేదాకా దాని దగ్గరే తిరుగుతాడు. అయినా ఆ రాత్రి ఆ నలుగురి కోరిక ఒక్కటే. మాంచెస్టర్ ఓడిపోవాలి. మామూలుగా ఓడితే చాలదు, పరువు పోయేలా ఓడాలి. అప్పుడుగానీ ఆ మేనేజర్‌ను తీసెయ్యరు.

ఒకటో గోలు పడింది. రెండోది పడింది. సగం ఆట అయ్యేసరికి నాలుగు పడ్డాయి. గోలు పడ్డ ప్రతిసారీ మాంచెస్టర్ పిల్లలు ఎగిరి గంతేశారు. ఇటు టీవీలో మన బౌలర్లకు ఒక్క వికెట్ కూడా పడటం లేదు. రిజ్వాన్, బాబర్ ఆజమ్ ఇద్దరూ నిలబడి కొడుతున్నారు. గది మెల్లగా చల్లబడింది. అందరి కళ్లూ క్రికెట్ వైపు తిరిగాయి. ఫోను చేతిలో మిగిలింది మావాడికే. సగం ఆట తర్వాత ఐదు నిమిషాలకు ఐదో గోలు పడింది. కొట్టింది మొహమ్మద్ సలాహ్, ఆ రోజు అతనికది మూడో గోలు. మావాడు ఉండబట్టలేక చప్పట్లు కొట్టాడు. సరిగ్గా అప్పుడే టీవీలో పాకిస్తాన్ బ్యాటు నుంచి బంతి బౌండరీ దాటింది.

గదిలో మాట ఆగిపోయింది.

"ఎందుకు కొట్టినవ్‌రా చప్పట్లు?" అని ఒకడు అడిగాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అడిగాడు. కోపంగా అడిగితే ఇంత భయం వేసేది కాదు మామూ అని మావాడు తర్వాత మాకు చెప్పాడు. నోటితో జవాబు చెప్పలేక ఫోను పైకెత్తి తెరను అందరికీ తిప్పి చూపించాడు. నాకాబందీలో పోలీసుకు గుర్తింపు కార్డు చూపించినట్టు. ఐదు సున్నా. అది చూడగానే గది మళ్లీ ఊపిరి పీల్చుకుంది. "పోయిండు, ఇగ కోచ్ పోయిండు!" అని మాంచెస్టర్ పిల్లలు వాణ్ని వాటేసుకున్నారు.

ఆలోచించండి. తన సొంత టీం చిత్తుగా ఓడుతుంటే చప్పట్లు కొట్టాడని రుజువు కాగానే మావాడు నిర్దోషి అయ్యాడు!

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఇదంతా చెప్పాడు. ఆపా వాడి పళ్లెంలో కూర వేస్తూ, "ఇంకోసారి ఆ మ్యాచ్ ఉన్ననాడు బయటికి పోకు" అంది. అంతే. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా ఇంట్లో ఆ మాట మూడు తరాలుగా వినబడుతూనే ఉంది.

ఫుట్‌బాల్ తెలియనివారికి ఈ కోరిక వింతగా ఉంటుంది. సొంత టీం ఓడాలని కోరుకోవడమేమిటి? కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. క్లబ్బు యజమానిని అభిమాని మార్చలేడు. పాతికమంది ఆటగాళ్లను ఒక్కరోజులో మార్చడం ఎవరివల్లా కాదు. మార్చగలిగింది ఒక్క మనిషిని. అతనే మేనేజర్. వరుసగా ఓడితే యజమానికి అతని మెడ దొరుకుతుంది. మధ్యలో ఒక గెలుపు వచ్చిందా, మళ్లీ నెల రోజులు గడువు. అందుకే అభిమాని పళ్లు బిగబట్టి అనుకుంటాడు, ఈ ఒక్కటీ ఓడిపోతే పోనీ, వచ్చే ఏడాదైనా బాగుపడతాం.

ఆ రోజు మాంచెస్టర్ మేనేజర్ ఓలే గున్నార్ సోల్షేర్. పరాయివాడేం కాదు. 1999లో బార్సిలోనాలో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆఖరి నిమిషంలో గోలు కొట్టి ఆ క్లబ్బుకు కప్పు తెచ్చిపెట్టినవాడు. ఆ గోలు కథ చెప్పుకుంటూ పెరిగిన పిల్లలే అతను పోవాలని కోరుకున్నారు. లివర్‌పూల్ చేతిలో ఓడాక కూడా అతన్ని వెంటనే తీసెయ్యలేదు. నవంబర్ 20న వాట్‌ఫోర్డ్ అనే చిన్న టీం చేతిలో 4-1 తేడాతో ఓడారు. మర్నాడు తీసేశారు. మావాడు ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ పట్టుకొచ్చాడు. ఆపా, "ఓడినందుకు మిఠాయి పంచేవాళ్లను మొదటిసారి చూస్తున్నా" అని నవ్వింది.

తర్వాత వచ్చిన ఎరిక్ టెన్ హాగ్ కథ ఇంకా తమాషా. 2023-24లో లీగులో మాంచెస్టర్ ఎనిమిదో స్థానానికి పడిపోయింది. కానీ 2024 మే 25న ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది. కప్పు వచ్చిందని సంతోషించాలా, ఈ కప్పు అడ్డం పెట్టుకుని ఈయన ఇంకా ఉంటాడని ఏడవాలా తెలియక మావాడు ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. వాడు భయపడ్డట్టే అయింది. జూలైలో క్లబ్బు అతని ఒప్పందం పొడిగించింది. అక్టోబర్ 28న తీసేసింది. వాడి లెక్క ప్రకారం ఒక గెలుపు వాళ్లకు ఐదు నెలలు నష్టం చేసింది.

ఆ ఫైనల్‌కు పదకొండు రోజుల ముందు, మే 14న, లండన్‌లో ఇంకో వింత. టోటెన్‌హామ్ అభిమానుల్లో చాలామంది తమ టీం సిటీ చేతిలో ఓడిపోవాలని బాహాటంగా కోరుకున్నారు. గెలిస్తే పక్క వీధి ఆర్సెనల్‌కు లీగు దక్కే దారి పడుతుందని! ఓడిపోయారు. వాళ్ల మేనేజర్ మండిపడ్డాడు గానీ ఎవరూ వాళ్ల ఇళ్ల మీదికి పోలేదు. మీరు టోటెన్‌హామ్ వాళ్లేనా, ఏదీ రుజువు చూపండి అని అడగలేదు. మీ సొంత టీం ఓడాలని మీరు కోరుకోవడం మీ ఇంటి వ్యవహారం అని ఊరుకున్నారు.

మా తలుపు మీద ఆ మాట ఎవరూ రాయలేదు. మా ఇల్లు మా ఇల్లేనని మేం ప్రతి మ్యాచ్‌కూ కొత్తగా రుజువు చెయ్యాలి.

మేం పెరిగింది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో. మా అబ్బాకు సైకిల్ షాపు. షాపులో ఒక రేడియో. మ్యాచ్ ఉన్ననాడు దారినపోయేవాళ్లంతా ఆగి స్కోరెంత అని అడిగేవారు. పాకిస్తాన్ మ్యాచ్ అయితే ఆ స్కోరు ఏ గొంతుతో చెప్పాలో అబ్బా మాకు నేర్పాడు. వాళ్లు బాగా ఆడుతుంటే గొంతు దించి చెప్పాలి. మనవాళ్లు ఆడుతుంటే నాలుగు దుకాణాలకు వినపడేలా చెప్పాలి. దీపావళికి కొన్న టపాకాయల్లో ఒక డబ్బా విడిగా దాచేవాడు. ఇండియా గెలిస్తే వీధిలో మొదటి టపాకాయ మా ఇంటి ముందే పేలాలి. ఓడితే షాపు షట్టర్ సగం దించాలి. మేం నిజంగానే దిగులుపడ్డామా, నిజంగానే సంబరపడ్డామా అన్నది ఎవరికీ పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ మాకే తెలియకుండా పోయింది. చెమ్మ పట్టిన టపాకాయ పేలకపోతే అబ్బా ముఖంలో కనిపించిన భయం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

1986 ఏప్రిల్ 18, శుక్రవారం. షార్జాలో ఆఖరి బంతికి మియాందాద్ సిక్సర్ కొట్టాడు. మర్నాడు బడికి పోతే తోటి పిల్లలు చుట్టుముట్టారు. "మీవాళ్లు గెలిచిన్రు గదా, మిఠాయేదిరా?" మాకు అప్పటిదాకా మావాళ్లంటే కపిల్‌దేవ్, గవాస్కర్. రాత్రి వాళ్లు ఓడిపోయారని మేం ఏడ్చిన సంగతి ఆ పిల్లలకు ఎలా చెప్పాలి? ఏడ్చామని సాక్ష్యం ఎవరు చెప్పాలి?

ఆ తర్వాత మనవాళ్లకు కెప్టెన్‌గా అజహరుద్దీన్ వచ్చాడు. హైదరాబాదువాడు. 1990 నుంచి మధ్యలో కొంతకాలం పోగా దాదాపు పదేళ్లు ఉన్నాడు. ఆ పదేళ్లూ మా మెడలు కాస్త పైకి లేచాయి. కానీ దానితోపాటు ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. 1996 మార్చి 13న కలకత్తాలో శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. టాస్ గెలిచి కూడా ఫీల్డింగ్ తీసుకున్నాడు. టీం కుప్పకూలింది. జనం సీసాలు విసిరారు, మంటలు పెట్టారు, మ్యాచ్ శ్రీలంకకు ఇచ్చేశారు. దేశమంతా అజహర్‌ను తిట్టింది. తిట్టడంలో తప్పు లేదు. ఆ నిర్ణయం మాకూ నచ్చలేదు. వీణ్ని కెప్టెన్సీ నుంచి తీసెయ్యాలని మేమూ అనుకున్నాం. కానీ బయట ఆ మాట మొదలైన రెండో నిమిషానికి కెప్టెన్ పోయి సాయిబు మిగిలేవాడు. బంతి, బ్యాటు పోయి మతం మిగిలేది. అప్పుడు మేం నోరు మూసుకునేవాళ్లం. లేదా లోపల నమ్మకపోయినా అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లం. ఆ ఆగస్టులో కెప్టెన్సీ టెండూల్కర్‌కు ఇచ్చారు. మంచి పని అని ఊరంతా అంది. మాకూ అనిపించింది. అనలేకపోయాం.

2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చాయి. బోర్డు జీవితకాలం నిషేధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఆ పన్నెండేళ్లలో మేం ఒక్కసారి కూడా అతని మీద మనసారా కోపం తెచ్చుకోలేకపోయాం. మోసపోయిన అభిమాని చెయ్యగలిగింది కోపం తెచ్చుకోవడమొక్కటే. అదీ మాకు లేకపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాలో పాకిస్తాన్ గెలవాలని కోరుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. వసీం అక్రమ్ చేతినుంచి బంతి వంపు తిరిగి వికెట్‌కు తగిలితే ఆ అందానికి మురిసిపోయినవాళ్లున్నారు. అది వేరు. కానీ 1992 డిసెంబర్ 6 తర్వాత, కూలిన గుమ్మటాన్ని పేపర్లో చూసిన తర్వాత, మీరు మాది అనుకునేదేదైనా ఓడిపోతే బాగుండునని కసితో కోరుకున్నవాళ్లూ మా వీధిలో ఉన్నారు. తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుని, రేడియో చెవికి ఆనించుకుని కోరుకున్నారు. ఆ కసి వాళ్లనే తినేసింది తప్ప ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. మేం దాన్ని సమర్థించడం లేదు. లేదని అబద్ధమూ చెప్పడం లేదు.

ఆ కసికీ, మాంచెస్టర్ పిల్లల కసికీ తేడా ఉంది. ఒకటి ఇల్లు కాలిపోతే బాగుండుననుకోవడం. రెండోది ఇంటి కప్పు ఎలాగూ కారుతోంది, ఒక పెద్దవాన వచ్చి కూలితేనన్నా పెద్దాయన కొత్త కప్పు వేయిస్తాడనుకోవడం. కానీ బయటినుంచి వినేవాడికి రెండింటి చప్పట్లూ ఒకలాగే వినిపిస్తాయి. తేడా తెలియాలంటే ఆ మనిషిని కూర్చోబెట్టి అడగాలి, చెప్పింది వినాలి. మమ్మల్ని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. వినేవాళ్లే కావాలి.

వినకపోతే ఏమవుతుందో అదే 2021 అక్టోబర్‌లో చూశాం. ఆ మ్యాచ్‌లో పాకిస్తాన్ పది వికెట్ల తేడాతో గెలిచింది. మన బౌలర్లలో ఒక్కరికీ వికెట్ దక్కలేదు. కానీ తిట్లు మొహమ్మద్ షమీకి పడ్డాయి. అతను 43 పరుగులిచ్చాడు కాబట్టి తిట్టారంటే ఒప్పుకుందుం. వచ్చిన తిట్లలో పరుగుల లెక్క లేదు, పాకిస్తాన్‌కు పొమ్మన్న మాట ఉంది. ఆరు రోజుల తర్వాత కెప్టెన్ కోహ్లీ విలేఖరుల ముందు కూర్చుని, మతం పేరుతో మనిషి మీద పడటం కన్నా నీచం లేదన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాటకు మా ఇంట్లో ఆపా రెండు చేతులెత్తి దువా చేసింది. అదే వారం ఆగ్రాలో ఇంజనీరింగ్ చదువుతున్న ముగ్గురు కాశ్మీరీ విద్యార్థులను పాకిస్తాన్ గెలుపుకు సంబరపడ్డారన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. రాజద్రోహం సెక్షను కూడా పెట్టారు. 2022 మార్చి చివర్లో అలహాబాద్ హైకోర్టు బెయిలిచ్చేదాకా జైల్లో ఉన్నారు. వాళ్లూ ఇంజనీరింగ్ పిల్లలే. మావాడి ఫోను ఆ రాత్రి చార్జింగ్ అయిపోయి ఉంటే? తెర మీద ఆ ఐదు సున్నా కనబడకపోతే? ఆపా ఆ ఆలోచనను పూర్తి చెయ్యనివ్వదు.

అదే దేశంలో ఇంకో దృశ్యమూ ఉంది. 1999 జనవరి 31న మద్రాసు చేపాక్‌లో మనవాళ్లు పాకిస్తాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడారు. టెండూల్కర్ 136 కొట్టి కూడా గెలిపించలేకపోయాడు. పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ పరుగెత్తుతుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ జనాన్ని ఎవరూ దేశద్రోహులనలేదు, గొప్ప ప్రేక్షకులన్నారు. నిజంగానే గొప్ప ప్రేక్షకులు. మేం అడిగేది అంతే. ఆ గొప్పతనంలో మాకూ కొంచెం వాటా.

మా ఇంటి పిల్లలు క్రికెట్ వదిలి ఫుట్‌బాల్ వైపు పోవడానికి ఇదీ ఒక కారణమేమో. మాంచెస్టర్‌ను తిడితే ఎవరూ ఏమీ అనరు. పైగా ఫుట్‌బాల్ మాకు పరాయిదేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాదువాడు. బడిలో పంతులు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం, అన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. జకార్తా నాటికి ఆయన ఒంట్లో కాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్ 11న పోయాడు. 2024లో అజయ్ దేవగణ్‌తో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మా పిల్లల్లోనే చాలామందికి ఆయన పేరు తెలియదు.

ఆ జకార్తా ఫైనల్ గురించి ఆటగాళ్లు చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆ పోటీలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి తప్పుపట్టాడని అక్కడి జనం మన మీద మండిపోతున్నారు. స్టేడియంలో దాదాపు అందరూ ఇండియా ఓడాలనే కోరుకున్నారు. ఆ హోరులో ఇండియా గెలవాలని అరిచినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లట. ఇండియా కొరియాను 2-1తో ఓడించింది. పాకిస్తానీవాడు ఇండియా గెలవాలని అరిచినప్పుడు అది ఆట. నల్లగొండ జిల్లావాడు సైకిల్ షాపులో మాట్లాడకుండా కూర్చుంటే మాత్రం అనుమానం!

రహీం సాబ్ కథ మా మేనల్లుడికి చెప్పింది గర్వం కోసమే కాదు, వాడితో వాదానికి కూడా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. కోచ్ రహీం సాబే. "అప్పుడు మీలాంటివాళ్లు ఉంటే, ఇగ కోచ్ పోయిండని మిఠాయి పంచేవాళ్లు. పోయుంటే మెల్‌బోర్న్ లేదు, జకార్తా లేదు" అన్నాం. వాడు కాసేపు ఆలోచించాడు. "ఓడినంక బూట్లు వేసుకోవాల్సిందే అన్నరు గదా మామూ. అంటే ఓటమి పనికొచ్చినట్టే గదా. మేం అడిగేది గదే, ఓడితేనన్నా ఏదో ఒకటి మారాలని" అన్నాడు. వాదంలో వాడు గెలిచాడో మేం గెలిచామో తేలలేదు.

వాడి మాట వింటుంటే మాకు మా ఓట్లు గుర్తొచ్చాయి. మేం ఎన్నడైనా ఎవరినైనా గెలిపించడానికి ఓటేశామా? ప్రతిసారీ ఎవరినో ఓడించడానికే వేశాం. వాళ్లు రాకుండా ఉంటే చాలు, వీళ్లు మన బడికి కప్పు వేయించకపోయినా ఫరవాలేదు అనుకున్నాం. మా వీధి నాయకులకు ఈ సంగతి బాగా తెలుసు. ఓడినా వాళ్లను మేం తీసెయ్యలేం. తీసేస్తే ఎదుటివాడు వస్తాడన్న భయం చూపిస్తారు. ఒక్క గెలుపు లేకుండా ముప్పయ్యేళ్లు కుర్చీలో కూర్చున్న మేనేజర్లు మా దగ్గరున్నంతమంది ఇంగ్లండులో లేరు! వాళ్లు పోవాలని బాహాటంగా కోరుకోవడం మాకింకా చేతకాలేదు. అది ఎదుటివాళ్లు చేసిన తప్పు కాదు, మాదే.

ఇక మన దేశపు ఫుట్‌బాల్ సంగతి. 2024 మార్చి 26న గౌహతిలో ఆఫ్ఘనిస్తాన్ మనల్ని 2-1తో ఓడించింది. సునీల్ ఛెత్రీకి అది 150వ మ్యాచ్. కోచ్ స్టిమాచ్ పోవాలని అభిమానులు అక్కడే గొంతెత్తారు. జూన్‌లో ఖతార్ చేతిలో ఓడాక ఆయన్ని తీసేశారు. తర్వాత మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సికి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టినవాడు. ఆ రాత్రి మా వీధిలో చాలా ఏళ్ల తర్వాత భయంతో కాకుండా సంబరంతో టపాకాయలు పేలాయి. ఆ క్లబ్బూ డబ్బుల్లేక చితికిపోయింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఓడిపోవాలని కోరుకోవడానికైనా మాకిప్పుడు సొంత ఊరి టీం లేదు.

2025 ఆగస్టులో ఇండియా కోచ్‌గా ఖాలిద్ జమీల్‌ను పెట్టారు. రహీం సాబ్ మళ్లీ వచ్చాడన్నట్టు మా అబ్బా తరంవాళ్లు సంబరపడ్డారు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఏషియన్ కప్ ఆశ వదులుకున్నాం. మర్నాడు వీధి చివర చాయ్ హోటల్లో మా మేనల్లుడు, "ఈయన గూడ పోవాలె" అని అందరికీ వినపడేలా అన్నాడు. మేం ఉలిక్కిపడ్డాం. "అట్ల అనకురా, మనోడు" అన్నాం. వాడు చాయ్ కప్పు కిందపెట్టి, "మనోడంటే ఎవరు మామూ, కోచా, టీమా?" అని అడిగాడు. అజహర్ కాలంలో మేం అనలేని మాటను వాడు ఎంత సులువుగా అనేశాడు! సిగ్గేసింది. సంతోషమూ వేసింది.

ఆ సంతోషం నెలరోజులు నిలిచింది. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్. ఎలాగూ పోటీలోంచి వెళ్లిపోయాం. ఐఎస్ఎల్ సీజన్ వేళకు మొదలుకాలేదు, ఆటగాళ్లకు ఆట లేదు. వాడికి ఫెడరేషన్ మీద కడుపు మండిపోతోంది. మా ఇంట్లోనే కూర్చుని చూస్తున్నాడు. పక్కింటి అతని దోస్తు బాల్కనీలో నిలబడి ఫోనులో చూస్తూ, "ఓడితేనే మంచిదిరా, అప్పుడన్న వీళ్ల కండ్లు తెరుచుకుంటయ్" అని వీధంతా వినపడేలా అరిచాడు. మావాడు ఇవతలినుంచి, "అవున్రా, ఓడాలె" అని అరవబోయాడు.

మేం లేచి కిటికీ మూశాం.

వాడు మా వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆ మ్యాచ్ 1-0తో ఓడిపోయాం. బాల్కనీలోని కుర్రాడు చప్పట్లు కొట్టడం మూసిన కిటికీలోంచి కూడా వినిపించింది. వాడు కొట్టింది ఈ దేశపు ఫుట్‌బాల్ మీది ప్రేమతోనేనని మాకు తెలుసు. వీధికీ తెలుసు. మావాడి రెండు చేతులూ ఒళ్లోనే ఉండిపోయాయి.

కిటికీ మూసింది మేమే. ఎవరూ మూయమనలేదు. మా అబ్బా టపాకాయల డబ్బా దాచినట్టే మా చేతులు వాటంతటవే లేచాయి. ఆ కిటికీ తెరిచిపెట్టుకుని మ్యాచ్ చూసే రోజు రావాలంటే మేం కొంత ధైర్యం నేర్చుకోవాలి. వీధి కొంత ఓపిక నేర్చుకోవాలి. మా వంతు మేం మొదలుపెడతాం.